సదస్సు అమ్మది, సెలవు పిల్లలది

విజయనగరంలో పనిచేసే ఒక వ్యవసాయ శాస్త్రవేత్త ఇల్లు అనుకుందాం. ఆమె పని చిరుధాన్యాల మీద: సామలు, అరికెలు, రాగులు. జనవరిలో ఛత్తీస్‌గఢ్‌ బస్తర్‌లోని జగదల్‌పూర్‌ నుంచి ఉత్తరం వచ్చింది. గురు, శుక్రవారాల్లో సదస్సు. ఆమె ఒక పేపరు చదవాలి. ఇంట్లో ఇంటర్‌ మొదటి సంవత్సరం చదివే 16 ఏళ్ల అమ్మాయి, ఎనిమిదో తరగతి చదివే 13 ఏళ్ల అబ్బాయి. సంక్రాంతి సెలవులు ఇంకా మిగిలే ఉన్నాయి. బ్యాంకులో పనిచేసే భర్త అన్నం కలుపుకుంటూ, "మేమూ వస్తేనో?" అన్నాడు. అమ్మాయి ఫోనులోంచి తల ఎత్తకుండా, "అక్కడేముంది?" అంది.

ఈ కుటుంబం ఊహే. మిగతాదంతా ఉన్నదే. జగదల్‌పూర్‌ శివారులో కుమ్హరావండ్‌ దగ్గర వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం ఉన్నాయి. చిరుధాన్యాల మీద దేశవ్యాప్తంగా సాగే సమన్వయ పరిశోధనలో అదొక కేంద్రం, విజయనగరం మరొకటి. ఊళ్లో విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, భారత మానవశాస్త్ర సర్వే కార్యాలయం ఉన్నాయి. దక్షిణాన బైలాడిలా ఇనుప గనులు. వాటిని నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లో. ఊరికి దగ్గర్లోని నగర్నార్‌ ఉక్కు కర్మాగారం 2023 అక్టోబరులో జాతికి అంకితమైంది. కాబట్టి తెలుగువాళ్లు పని మీద బస్తర్‌ వెళ్లడం కొత్త సంగతి కాదు. వెంట పిల్లల్ని తీసుకెళ్లడమే కొత్త.

ఇన్నాళ్లూ ఎందుకు తీసుకెళ్లలేదో ఎవరికైనా తెలుసు. తెలుగు పత్రికల్లో దశాబ్దాల పాటు బస్తర్‌ అంటే ఎదురుకాల్పుల వార్త. 2013 మే 25న కాంగ్రెస్‌ నాయకుల వాహనాల మీద మావోయిస్టులు దాడి చేసిన ఝీరమ్‌ ఘాటీ ఎక్కడో లోపలి అడవిలో లేదు. జగదల్‌పూర్‌ నుంచి సుక్మా వెళ్లే పెద్ద రోడ్డు మీదే, పర్యాటకులు చూసే కాంగేర్‌ లోయకు పొరుగునే ఉంది. 2025 నాటికి పరిస్థితి మారింది. ఆ ఏడు మే 21న నారాయణ్‌పూర్‌ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, సిక్కోలు జిల్లాకు చెందిన నంబాల కేశవరావు ఎదురుకాల్పుల్లో చనిపోయారు. అక్టోబరు 17న జగదల్‌పూర్‌లోనే 210 మంది ఆయుధాలు వదిలి లొంగిపోయారు.

దీని ఫలితం ఏమిటి? ఊళ్లోనూ, పెద్ద రోడ్లమీదా తిరగడానికి భయపడాల్సిన పని తగ్గింది. కానీ జాగ్రత్త అవసరం పూర్తిగా పోలేదు. పాతిపెట్టిన మందుపాతరకు లొంగుబాటు వార్త తెలియదు. అందుకని ఫోను మ్యాపు చూపించిన అడ్డదారుల్లో వెళ్లొద్దు. పెద్ద రోడ్లు వదలొద్దు, చీకటి పడకముందే ఊరు చేరాలి. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పడం మేలు. దాచితే వాళ్లు ఎలాగూ ఫోనులో వెతుక్కుంటారు, అక్కడ దొరికేది సగం పుకారు.

రెండో అడ్డంకి ప్రయాణం. విశాఖ నుంచి రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. రైలూ ఉంది. దాన్ని కేకే లైన్‌ (కొత్తవలస నుంచి కిరందుల్‌ దాకా వేసిన దారి) అంటారు. ఆ దారిని 1960లలో వేసింది మనుషుల కోసం కాదు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, అక్కడి నుంచి జపాన్‌కు పంపడం కోసం. ఆ దారికి అసలు యజమాని ఇప్పటికీ ఖనిజమే. ప్రయాణికుల బండి అతిథిలాంటిది, ఎదురు నుంచి సరుకు బండి వస్తుంటే ఆగాలి. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే రోజుల తరబడి నడవదు కూడా. 2020 సెప్టెంబరులో హైదరాబాద్‌, జగదల్‌పూర్‌ మధ్య విమానం మొదలైంది. చిన్న ఊళ్ల విమానాల వేళలు తరచూ మారుతుంటాయి, టికెట్‌ కొనేముందు చూసుకోవాల్సిందే. ఏ దారిన వెళ్లినా సూత్రం ఒకటే: పేపరు చదవాల్సిన రోజు పొద్దున దిగేలా ప్రయాణం పెట్టుకోకూడదు. ముందు రోజే చేరాలి.

మన కుటుంబం బుధవారం పగటి బండి ఎక్కిందనుకుందాం. తెల్లారక ముందే లేవాలి, రోజంతా కూర్చోవాలి. అయినా పిల్లలు వెంట ఉన్నప్పుడు ఇదే మంచిది. అనంతగిరి కొండల్లో బండి యాభైకి పైగా సొరంగాలు దూరుతుంది. వెలుగు, చీకటి, వెలుగు. పదమూడేళ్లవాడు మొదటి పది లెక్కపెడతాడు, తర్వాత మానేస్తాడు. శిమిలిగూడ స్టేషన్‌ ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజ్‌ మీద దేశంలోనే అంత ఎత్తైన స్టేషన్‌ లేదని ఒకప్పుడు చెప్పుకునేవారు. అరకు దాటాక బోగీలు సగం ఖాళీ అవుతాయి. తెలుగు పర్యాటకులలో చాలామందికి ఆ లైను అక్కడితో అయిపోయినట్టే లెక్క. బండి మాత్రం కొరాపుట్‌, జయపురం మీదుగా ఒడిశా దాటి, పొద్దు వాలే వేళకు జగదల్‌పూర్‌ చేరుతుంది.

ఇప్పుడు అసలు విషయం. స్వామికార్యం, స్వకార్యం ఒకే ప్రయాణంలో అయిపోతే లాభమే కదా అని అందరూ అనుకుంటారు. ఢిల్లీ, బెంగళూరు లాంటి నగరాల్లో ఈ లెక్క చాలావరకు కుదురుతుంది. అక్కడ సదస్సు జరిగే చోటు, చూడాల్సిన చోట్లు ఒకే ఊళ్లో ఉంటాయి. పదహారేళ్ల అమ్మాయికి మెట్రో కార్డు చేతికిస్తే తమ్ముణ్ని తీసుకుని మ్యూజియానికి వెళ్లొస్తుంది. జగదల్‌పూర్‌ అలాంటి నగరం కాదు. 2011 జనగణనలో దాని జనాభా లక్షా పాతిక వేలు. పేరున్నవన్నీ ఊరి బయటే. చిత్రకోట్‌ జలపాతం పడమట 40 కిలోమీటర్ల దూరంలో ఉంటే, తీరథ్‌గఢ్‌ జలపాతం, కోటుంసర్‌ గుహ దక్షిణాన కాంగేర్‌ లోయలో ఉన్నాయి. ఎటు వెళ్లాలన్నా కారు కావాలి, పగటి వెలుగు కావాలి. సదస్సు కూడా సరిగ్గా ఆ పగటినే తీసుకుంటుంది.

(చిన్న మాట. మనవాళ్లు చాలామంది చిత్రకోట్‌ను 'చిత్రకూట్‌' అంటారు. ఆ పేరుతో హోటల్‌ వెతికితే ఉత్తరప్రదేశ్‌, మధ్యప్రదేశ్‌ సరిహద్దులో రాముడి వనవాసంతో ముడిపడిన ఊరు వస్తుంది. డబ్బు కట్టేముందు రాష్ట్రం పేరు చూసుకోండి.)

కారూ పగలూ దొరికిన తండ్రి సహజంగా ఏం చేస్తాడు? గురువారం ఉదయమే పిల్లల్ని తీసుకుని చిత్రకోట్‌కు బయల్దేరతాడు. సాయంత్రం అమ్మ సదస్సు నుంచి వచ్చేసరికి వాళ్ల ఫోన్లనిండా జలపాతం ఫొటోలు. శనివారం ఆమె కోసం మళ్లీ వెళ్దామంటే పిల్లలు మొహం తిప్పుకుంటారు. ఎవరి పుణ్యాన ఈ ప్రయాణం జరిగిందో ఆమె తిరిగొచ్చేనాటికి ఏమీ చూడదు. ఇలాంటి ప్రయాణాలు చెడేది డబ్బు దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ. అందుకని బస్తర్‌లో సదస్సు రోజుల్ని ఊరికి ఇవ్వాలి, అడవిని అమ్మ ఖాళీ అయ్యాకే చూడాలి.

సదస్సు అంటే పేపరు చదివి రావడం కాదని కూడా ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. చదివిన పేపరు ఎలాగూ తర్వాత అచ్చవుతుంది. దానికోసం 300 కిలోమీటర్లు రానక్కర్లేదు. మనుషులు రావడం టీ దగ్గరి మాటల కోసం. ఏ విత్తనం ఎక్కడ తట్టుకుంది, ఏ రైతు ఎందుకు వదిలేశాడు, కలిసి ఏ పని చేయొచ్చు, ఇవన్నీ తేలేది అక్కడే. ప్రతి విరామంలో హోటల్‌కు పరుగెత్తే మనిషికి సదస్సూ దక్కదు, సెలవూ దక్కదు. గురువారం రాత్రి భోజనం సదస్సుది, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఇంటిది అని ముందే పంచుకుంటే ఎవరికీ నొప్పి ఉండదు.

పిల్లల గడియారం ఇంకో రకం. కౌమారంలో మెలటోనిన్‌ (నిద్రవేళ అయిందని ఒంటికి తెలిపే హార్మోను) పెద్దవాళ్ల కంటే ఆలస్యంగా, దాదాపు గంట రెండు గంటలు వెనక్కి జరిగి మొదలవుతుంది. రాత్రి పదకొండైనా వాళ్లకు నిద్ర రాకపోవడానికి ఫోనొక్కటే కారణం కాదు. ఒంటి గడియారమే అలా జరుగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పన్నెండుకు పడుకున్నవాణ్ని ఐదింటికి లేపి 'సూర్యోదయం చూద్దాం పద' అంటే వాడు చూసేది సూర్యోదయం కాదు, మన మొహం. సదస్సు రోజులు ఇక్కడ కలిసొస్తాయి. అమ్మ ఎనిమిదిన్నరకు వెళ్లిపోతుంది. పిల్లలు తొమ్మిదిన్నర దాకా పడుకోవచ్చు. జగదల్‌పూర్‌ సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగే చలి. దుప్పట్లోంచి లేవనివాణ్ని తప్పుపట్టలేం.

ఇక డబ్బు. ఇందులో గందరగోళం అంతా ఒకే గదిలో ఉండటం వల్ల వస్తుంది. సదస్సువాళ్లు ఇచ్చే గది ఒక మనిషికి. దాంట్లో అదనపు మంచం వేయించినా, పెద్ద గదికి మారినా, ఆ తేడా మనది. హోటల్‌ను మొదటి రోజే రెండు బిల్లులు అడగాలి: సదస్సు రాత్రులకు ఒకటి, మిగతాదానికి ఒకటి. చివర్లో అడిగితే వాళ్లు విడదీయరు, విడదీసినా ఆఫీసులో ఆడిట్‌ నమ్మదు. ఆఫీసు ఇచ్చే ప్రయాణ భత్యం ఉద్యోగికే, ఇంటిల్లిపాదికీ కాదు. శని, ఆదివారాలు ఆగితే ఆ రోజుల భత్యం రాదు. ఊరు వదిలి ఉండటానికి అనుమతి రాసిచ్చి తీసుకోవాలి.

కుటుంబం ఖర్చు కూడా సంస్థే భరిస్తే ఏమవుతుంది? పన్ను చట్టం దాన్ని పెర్క్విజిట్‌ (జీతంతో పాటు ముట్టిన అదనపు లాభం)గా చూస్తుంది. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో మూడో నియమం ఈ గీత స్పష్టంగా గీసింది. అధికారిక పర్యటనలో ఇంటివాళ్లు వెంట ఉంటే, వాళ్ల మీద సంస్థ పెట్టిన ఖర్చు ఉద్యోగి ఆదాయంలో కలుస్తుంది. పర్యటనను సెలవుగా పొడిగిస్తే, పొడిగించిన రోజుల ఖర్చు మాత్రమే కలుస్తుంది, పని రోజులది కలవదు. 2026 ఏప్రిల్‌ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి నియమాల అంకెల కోసం మీ ఆడిటర్‌ను అడగండి.

భర్త దగ్గర ఇంకో దారి ఉంది. బ్యాంకు ఉద్యోగులకు ఎల్‌ఎఫ్‌సీ (సెలవులో కుటుంబంతో చేసే ప్రయాణానికి సంస్థ ఇచ్చే చార్జీలు) ఉంటుంది. అలాంటి చార్జీలకు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నాలుగు క్యాలెండరు సంవత్సరాల్లో రెండు ప్రయాణాలకు వర్తిస్తుంది, ఇప్పటి గడువు 2026 నుంచి 2029 దాకా. చార్జీలే, హోటల్‌, భోజనం కావు. అమ్మ టికెట్‌ ఆమె ఆఫీసు ఇచ్చింది కాబట్టి దాన్ని మళ్లీ ఇందులో చూపకూడదు. ఒకే టికెట్‌ రెండు చోట్ల చూపడం మరిచిపోయి చేసినా తప్పే.

మరొకటి లెక్కల పుస్తకంలో కనిపించనిది. "మేడమ్‌, మీ పిల్లల్ని మా బండిలో చిత్రకోట్‌ పంపిస్తాం" అని ఆతిథ్యమిచ్చేవాళ్లు అంటారు. మనసారా అంటారు. కానీ ఆ బండి, డీజిల్‌, డ్రైవర్‌ సెలవురోజు అన్నీ ఎవరివో ఆలోచిస్తే, నవ్వుతూ వద్దనడమే నయం. ఊళ్లో టాక్సీలు దొరుకుతాయి. ఈ విషయంలో నాది కాస్త ఛాందసమే, ఒప్పుకుంటాను.

అయితే సదస్సు రోజుల్లో ఆ ఊళ్లో పిల్లలు ఏం చేస్తారు? 'అక్కడేముంది' అన్న ప్రశ్నకు జవాబు రాజప్రాసాదం దగ్గర మొదలవుతుంది.

మన పాఠాల్లో కాకతీయుల కథ 1323తో ఆగిపోతుంది. ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది, ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, అధ్యాయం ముగిసింది, కింద ప్రశ్నలు. బస్తర్‌లో అదే అధ్యాయం మొదటి పేజీ. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు వదిలి ఉత్తరానికి వచ్చి ఇక్కడ రాజ్యం నిలబెట్టాడని బస్తర్‌ రాజవంశం చెప్పుకుంటుంది. దంతేశ్వరి వారి కులదైవం. ఆమె గురించి ఒక కథ ఉంది. 'నేను నీ వెనకే వస్తాను, వెనక్కి చూడకు' అని దేవి చెప్పింది. రాజు ముందు నడుస్తున్నాడు, వెనక అందెల చప్పుడు. శంకిని, డంకిని ఏరులు కలిసేచోట ఆమె పాదాలు ఇసుకలో కూరుకుని అందెలు మోగలేదు. రాజు వెనక్కి చూశాడు, దేవి అక్కడే ఆగిపోయింది. ఆ చోటే దంతేవాడ గుడి. చరిత్రకారులకు ఇది కథే. వంశం గురించి రాతపూర్వకంగా దొరికేదాంట్లో 1703 నాటి దంతేవాడ శాసనం ముఖ్యమైనది, అంటే ఓరుగల్లు పడిన దాదాపు 380 ఏళ్ల తర్వాతది. ఇంత దూరంలో రాసిన వంశావళిని ఎంత నమ్మాలి? పదహారేళ్ల పిల్లతో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

రాజధాని తర్వాత జగదల్‌పూర్‌కు మారింది. ఊళ్లోని పెద్ద చెరువు దళపత్‌ సాగర్‌కు ఆ వంశపు రాజు దళపత్‌ దేవ్‌ పేరే. ప్రాసాదం ప్రాంగణంలోనే దంతేశ్వరి గుడి. అబ్బాయికి ఇంకో సందేహం వస్తుంది: కాకతీయులైతే ఇప్పటి రాజకుటుంబం ఇంటిపేరు 'భంజ్‌దేవ్‌' ఎందుకు? వంశంలో మగ వారసుడు లేక 1922లో ప్రఫుల్ల కుమారీ దేవి గద్దెనెక్కింది. ఆమె పెళ్లాడింది ఒడిశాలోని మయూర్‌భంజ్‌ రాజవంశీకుణ్ని. పిల్లలకు తండ్రి ఇంటిపేరు వచ్చింది. ఆమె కొడుకు ప్రవీర్‌ చంద్ర భంజ్‌దేవ్‌ 1966 మార్చి 25న ఇదే ప్రాసాదంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆదివాసులు ఆయన్ను దైవంలా కొలిచేవారు. 2022 జులైలో ఆ వంశస్థుడు కమల్‌ చంద్ర భంజ్‌దేవ్‌ను తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహానికి వరంగల్‌ పిలిచింది. దాదాపు 700 ఏళ్లకు చుట్టరికం కలుపుకున్నట్టన్నమాట.

దసరాకు వస్తే ఇంకా బాగుండేది కదా అనిపిస్తుంది. బస్తర్‌ దసరా 75 రోజులు సాగుతుంది. దాంట్లో రావణుడు లేడు, ఉన్నదంతా దంతేశ్వరి, చెక్క రథం, పల్లెల నుంచి మోసుకొచ్చిన దేవుళ్లు. కానీ ఆ రోజుల్లో ఊళ్లో సదస్సులు పెట్టరు, గదులు దొరకవు. పనినీ విహారాన్నీ కలిపేవాళ్లు పండగను వదులుకోవాల్సిందే.

ప్రాసాదం తర్వాత ఊళ్లో చూడాల్సింది మానవశాస్త్ర మ్యూజియం, 1972 నుంచి ఉంది. మురియా, మారియా, ధుర్వా, హల్బా జనాల పనిముట్లు, నగలు, వేటసామాన్లు ఉంటాయి. పిల్లలు ఆగేది ఘోటుల్‌ (మురియా పల్లెల్లో పెళ్లికాని యువతీయువకులు సాయంత్రాలు కలిసి గడిపే ఇల్లు) దగ్గర. వెరియర్‌ ఎల్విన్‌ 1947లో దీనిమీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ తర్వాత బయటివాళ్లు దాన్ని కుతూహలంగా తొంగి చూడటానికే వచ్చారు. నిజానికి యువత అక్కడ పాట, ఆట, పనిపాటలు, పెద్దల పట్ల నడత, చావుకూ పెళ్లికీ ఊరికి చేయాల్సిన సాయం నేర్చుకునేవారు. తమ వయసువాళ్లకు ఊరు ఒక ఇల్లు కట్టి ఇచ్చిందన్న సంగతి టీనేజర్లకు మనకంటే త్వరగా అర్థమవుతుంది. ఇక్కడే ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. సంతలో, పల్లెలో అడగకుండా మనుషుల ఫొటో తీయకూడదు. మన వీధిలో ఎవరో కారు దిగి మన అమ్మమ్మ ముఖం మీద కెమెరా పెడితే ఎలా ఉంటుందో అడిగితే చాలు.

సదస్సు రోజుల్ని ఊరికే ఇవ్వాలన్నాను. ఒక్క మినహాయింపు కొండగావ్‌. రాయ్‌పూర్‌ వెళ్లే జాతీయ రహదారి మీద దాదాపు 75 కిలోమీటర్లు, బస్సులు తరచూ ఉంటాయి, ఆలస్యంగా లేచినా సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడ ఘడ్వా కుటుంబాలు డోక్రా (మైనపు బొమ్మ కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోసే పని) చేస్తాయి. ముందు మట్టితో ఎడ్లబండో ఏనుగో లావుపాటి రూపం చేసి ఎండబెడతారు. తేనెమైనాన్ని వెచ్చబెట్టి గొట్టంలో నొక్కితే, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు సన్నటి దారాలు వస్తాయి. ఆ దారాల్ని మట్టి బొమ్మ చుట్టూ ఒకదాని పక్కన ఒకటి పేర్చుతారు. కళ్లు, నగలు, జీను, అన్నీ మైనంతోనే. దానిమీద మళ్లీ మెత్తటి మట్టి, పైన పుట్టమన్ను. కొలిమిలో పెడితే మైనం కరిగి పోతుంది, దాని చోటు ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి. చల్లారాక పైమట్టి పగలగొడతారు. అచ్చు ఇక లేదు, కాబట్టి అలాంటి బొమ్మ రెండోది ఉండదు. మొహెంజొదారో నర్తకి బొమ్మ పోసింది కూడా ఈ పద్ధతిలోనే. మన ఉమ్మడి ఆదిలాబాద్‌ జిల్లా ఉషేగావ్‌లో ఇదే పని చేసేవాళ్లున్నారు. బొమ్మ మీది గీతలు చెక్కినవి కాదు, ఒకప్పటి మైనపు దారాలు. ఇది తెలిశాక ఆ బొమ్మ ధర మీద బేరం ఆడటం కష్టమవుతుంది.

శుక్రవారం ముగింపు సభ మధ్యాహ్న భోజనంతో అయిపోతుంది. సర్టిఫికెట్‌ సంచిలో పెట్టుకుని అమ్మ కారెక్కుతుంది. చిత్రకోట్‌ దగ్గర ఇంద్రావతి దాదాపు 30 మీటర్ల కిందికి దూకుతుంది. వానాకాలంలో గుర్రపునాడాలా 300 మీటర్ల వెడల్పున, ఎర్రగా. జనవరిలో పాయలుగా విడిపోయి, తేటగా. వేసవిలో ఇంకా సన్నబడుతుంది. దానికి వాన తగ్గడం ఒక్కటే కారణం కాదు. ఎగువన ఒడిశాలో ఇంద్రావతి మీద ఖాతిగూడ ఆనకట్ట ఉంది. సరిహద్దు దగ్గర నది నీళ్లు కొంత జోరా నాలా అనే వాగులోకి మళ్లి శబరిలో కలుస్తాయి. ఈ పంపకం మీద రెండు రాష్ట్రాల మధ్య ఏళ్లుగా వివాదం. మన పిల్లలకు ఇందులో ఒక తమాషా ఉంది. ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలోనే కలుస్తుంది. జోరా నాలాలోకి మళ్లినా, ఇంద్రావతిలోనే సాగినా ఆ నీళ్లు చేరేది గోదావరికే.

శనివారం కాంగేర్‌ లోయ. 1982లో జాతీయ పార్కు అయింది, 200 చదరపు కిలోమీటర్లు. కోటుంసర్‌ గుహ దాకా పార్కు జిప్సీలో, లోపలికి గైడ్‌తో వెళ్లాలి. వానాకాలంలో గుహలోకి నీళ్లొస్తాయి కాబట్టి మూసేస్తారు. జలపాతం నిండుగా ఉన్నప్పుడు గుహ ఉండదు, గుహ తెరిచినప్పుడు జలపాతం సన్నబడుతుంది. రెండూ ఓ మాదిరిగా దొరికేది శీతాకాలం మొదట్లో. దారి ఇరుకు, మెట్లు జారుడు. ఆయాసం ఉన్నవాళ్లు బయటే ఆగడం మంచిది. లోపల గైడ్‌ ఒక నిమిషం దీపం ఆపమంటాడు. చేయి కళ్లముందు ఊపినా కనబడని చీకటి. ఆ నీటి గుంటల్లో చూపు మందగించి, రంగు వెలిసిన చిన్న చేపలున్నాయి. వెలుతురే లేనిచోట కంటికి పని లేదు. పని లేని అవయవాన్ని పోషించడం దండగ, తరతరాలుగా అది చిన్నదవుతూ వస్తుంది. లోయలో చాలాచోట్ల సెల్‌ సిగ్నల్‌ ఉండదు. సిగ్నల్‌ లేదని తిట్టుకుంటూ మొదలైన నాలుగు గంటల్లోనే, తీరథ్‌గఢ్‌ మెట్లు దిగుతూ, అమ్మాయి మొదటిసారి అమ్మను 'ఇంతకీ నీ పేపరు దేనిమీద?' అని అడుగుతుంది.

ఆదివారం జగదల్‌పూర్‌ సంత. చాపల మీద చింతపండు, ఇప్పపువ్వు, ఎండు చేపలు, ఆకు దొన్నెల్లో ఎర్రచీమల పచ్చడి. మాట ఎక్కువగా హల్బీ, కొంత హిందీ. గోండీ మాట్లాడేవాళ్లు కనిపిస్తే అంకెలు అడగాలి. రండ్‌, మూండ్‌, నాలుంగ్‌. రెండు, మూడు, నాలుగు అని అబ్బాయి తనే చెప్పేస్తాడు. గోండీలో ఏర్‌ అంటే నీళ్లు, మన ఏరే అది. తెలుగు, గోండీ ఒకే ద్రావిడ కుటుంబంలో పక్కపక్క కొమ్మలు. పండితులు దీన్ని ధ్వని సూత్రాలతో నిరూపిస్తారు, సంతలో వేళ్ల మీద సరిపోతుంది.

గింజల వరస దగ్గర అమ్మ నేలమీద కూర్చుంది. గురువారం తెరమీద ఆమె చూపించిన సామలే ఇక్కడ వెదురు చాటలో. ఇక్కడివాళ్లు కుట్కీ అంటారు. ఏ నెలలో చల్లారు, కోత ఎప్పుడు, చీడ ఎంత, ఆమె అడుగుతూనే ఉంది. రాత్రి బండికి టైమవుతోందని భర్త గడియారం చూసుకుంటున్నాడు. అమ్మిన ముసలామె చిన్న పాత్ర నిండా గింజలు తీసి, పైన అరచేత్తో సమం చేసి, "సోలీ" అంది. అబ్బాయి పక్కకు వంగి, "అమ్మా, అమ్మమ్మ వాళ్లింట్లో సోల ఇదేనా?" అన్నాడు.